జెమినీ ఫ్లైఓవర్ పక్కన చర్చి: తాపీ మేస్త్రీ చూసినట్టు చూడండి

మా నాయన నెల్లూరులో తాపీ మేస్త్రీ. ఎద్దుల గానుగలో సున్నం తొక్కించిన కాలంవాడు. నేను మద్రాసొచ్చి ముప్ఫై ఏళ్ళు సిమెంటు పూతలే పూశాను. ఊరి నుంచి ఎవరన్నా దిగితే మెరీనా, టీ నగర్ అయ్యాక సెయింట్ జార్జ్ కెథడ్రల్‌కి తీసుకెళ్తా. "మనకెందుకు మామా చర్చి?" అంటారు. గోడలు చూద్దాం రండిరా అంటా.

సెంట్రల్‌లో రైలు దిగితే మెట్రో ఎక్కి థౌజండ్ లైట్స్ స్టేషన్లో దిగండి. అక్కణ్ణించి జెమినీ వైపు నడవొచ్చు, ఎండ ఉంటే ఆటో. ఆటో అతనికి ఉత్త "కెథడ్రల్" అని చెప్పారో, శాంథోమ్‌కి తీసుకెళ్తాడు. అది క్యాథలిక్కులది, సముద్రం పక్కన. నాకు ఒకసారి అలాగే అయింది. "జెమినీ ఫ్లైఓవర్, కెథడ్రల్ రోడ్" అని గట్టిగా చెప్పండి. మామూలు రోజు పొద్దున పూట మేలు. ఆదివారం ఆరాధన ఉంటుంది, శనివారాల్లో పెళ్ళిళ్ళు తగలొచ్చు. లోపల ఫోటోలకు ముందు వాచ్‌మన్‌ని ఒక మాట అడగండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

గేటు దాటగానే గబగబా లోపలికి పోవద్దు. చెట్ల కింద నిలబడి శిఖరం చూడండి, దాదాపు 140 అడుగులు. ముందు వరస స్తంభాల తలకాయల మీద పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు ఉంటాయి, గ్రీకుల పద్ధతి. లండన్‌లోని ఒక చర్చి పోలికలో కట్టారు. గీసింది ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు జేమ్స్ కాల్డ్‌వెల్, కట్టడం పూర్తి చేసింది థామస్ డి హావిలాండ్. 1815లో పని అయింది, 1816 జనవరిలో కలకత్తా బిషప్ (చర్చిలకు పెద్ద) మిడిల్టన్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. అప్పట్లో ఈ చోటు పేరు చౌల్ట్రీ ప్లెయిన్. సెయింట్ జార్జ్ కోటలో ఇరుకని దొరలంతా ఇటు తోట బంగళాలకు మారారు. వాళ్ళకు దగ్గర్లో ఒక చర్చి కావాల్సొచ్చింది. అప్పటికిది ఉత్త చర్చే, బిషప్ పీఠం ఉండే కెథడ్రల్ కాదు. 1835లో మద్రాసుకు సొంత బిషప్ వచ్చాకే కెథడ్రల్ అయింది. ఆ మొదటి బిషప్ డేనియల్ కారీ విగ్రహం లోపలుంది.

ఇక లోపలికి రండి. పెద్ద స్తంభం దగ్గరకెళ్ళి వెలుతురు పక్కకు తిరిగి చూడండి. పాలరాయే అనుకుంటారు. కాదు, ఇటుక మీద సున్నం. దీన్నే మద్రాసు చునాం అనేవాళ్ళు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, సన్నటి తెల్ల ఇసక, బెల్లం నీళ్ళు. చివరి పూతకు కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి. ఆరేలోగా నున్నటి రాయితో రుద్దాలి, పైన బలపం పొడి చల్లి మళ్ళీ రుద్దాలి. చేయి ఆపితే మచ్చ పడుతుంది. మా నాయన దీన్ని చూడ్డానికొచ్చినప్పుడు చూపుడు వేలి గోరు స్తంభానికి ఆనించి నొక్కాడు. గోరు దిగలా. "ఎన్నాళ్ళు రుద్దార్రా?" అన్నాడు. అక్కడున్న పెద్దాయన మాత్రం మమ్మల్ని కసిరాడు, గీతలు పడతాయని. ఆయన మాటే న్యాయం. మీరు కళ్ళతో చూడండి, చేయి పెట్టొద్దు. ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటా: నేను పూసిన సిమెంటు గోడలు పదేళ్ళకే బీటలు తీశాయి.

విగ్రహాల్లో కలకత్తా బిషప్‌గా చేసిన హీబర్‌ది ఆగి చూడండి. ఫ్రాన్సిస్ చాంట్రీ చెక్కింది. ఇద్దరు మన దేశస్థులకు దీవెన ఇస్తున్నట్టు ఉంటుంది. హీబర్ 1826లో తిరుచిరాపల్లిలో స్నానం చేస్తూ పోయాడు. డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ విగ్రహం కూడా చాంట్రీదే. సైదాపేటలో నాగజెముడు మొక్కలు పెంచి, ఎర్రరంగు ఇచ్చే పురుగుల్ని సాకిన మనిషి ఆయన. మిగిలిన పలకలన్నీ చదువుతూ కూర్చుంటే మధ్యాహ్నం అయిపోతుంది, నాలుగైదు చాలు.

తెలుగువాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది 1947 సెప్టెంబర్ 27. ఆ రోజు ఇక్కడే ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివాళ్ళు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)గా ఒక్కటయ్యారు. మన ఊళ్ళ సీఎస్ఐ చర్చిలు చాలామటుకు ఆ కలయికలోవే, దోర్నకల్ డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) కూడా.

చివర్న పక్కనున్న శ్మశానవాటిక. దాని కంచె చువ్వలు తుపాకులు, ఈటెలు, బాయ్‌నెట్లు. టిప్పు సుల్తాన్‌తో జరిగిన శ్రీరంగపట్నం యుద్ధం తర్వాత తెచ్చినవని చెప్తారు. పిల్లలు అక్కడే అతుక్కుపోతారు. ఇక్కడ మొదట పూడ్చింది ఎలిజబెత్ డి హావిలాండ్‌ని, 1818లో. చర్చి కట్టిన ఇంజనీరు భార్య. ఆమె రాయి వెతుక్కుని చూడండి. సాయంత్రం అయిదు దాటాక అటు వెళ్ళొద్దు, దోమలు బతకనివ్వవు.