పాత కల్వర్టుకు కొత్త ప్రాణం – 4వ పాఠం: లైనర్ సైజు తేల్చడం

గత పాఠం చివర మీ దగ్గర్లోని ఒక హ్యూమ్ పైపు (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు పైపు) కల్వర్టును కొలిచి రమ్మన్నాను. ఈ పని మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది రెండు చివర్లా టేపు పెట్టి "1000 మి.మీ." అని రాసుకుని వచ్చేస్తారు. రెండు చివర్లూ కల్వర్టులో బాగున్న భాగాలు. పాత పైపు లోపలికి లాగి పెట్టే కొత్త ప్లాస్టిక్ పైపే లైనర్; అది ఇరుక్కునేది లోపల, మనకు కనిపించని చోట.

గుంటూరు చుట్టుపక్కల నేల నల్లరేగడి. ఎండాకాలం బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. కింద సరైన బెడ్డింగ్ (పైపు కూర్చునే పొర) లేకుండా పరిచిన పైపులు కొన్నేళ్లకు ఒక్కోటి ఒక్కో ఎత్తులో నిలుస్తాయి. హ్యూమ్ పైపు సాధారణంగా 2.5 మీటర్ల ముక్కలుగా వస్తుంది. 5 ముక్కలు వేస్తే 12.5 మీటర్ల కల్వర్టు. ఇందులో నడిమి ముక్క 60 మి.మీ. దిగిందనుకుందాం. నడిమి ముక్క పైభాగం కిందికి వచ్చింది, పక్క ముక్కల అడుగు పైనే ఉంది. లైనర్ వంగకుండా తిన్నగా వెళ్లాలి కాబట్టి దానికి దొరికే దారి 1000 కాదు, 940 మి.మీ. మాత్రమే. లోపల పూడిక మిగిలి ఉంటే ఇంకా తక్కువ. అందుకే పూడిక తీయకుండా తీసుకున్న కొలతను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక్కడ మన ఉదాహరణకు ఇదే కల్వర్టును పెట్టుకుందాం: 1000 మి.మీ. లోపలి వ్యాసం, 12.5 మీటర్ల పొడవు, తిన్నగా దొరికే దారి 940 మి.మీ. పైపు ముక్కలను కలిపే కాలర్ జాయింట్లు విడిపోయి, మట్టి లోపలికి జారి, రోడ్డు మీద అక్కడే గుంట పడుతోంది. కంకర పోసి పూడ్చినా మళ్లీ కుంగుతోంది. రోడ్డు తవ్వి కొత్త పైపు వేయవచ్చు కదా అంటే, మిర్చి యార్డుకు లారీలు వరసకట్టే రోజుల్లో గుంటూరుకు వచ్చే దారిని వారం పాటు మూయడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన ఏ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) అడిగినా చెబుతారు. రోడ్డు తవ్వకుండా చేయగలగడమే లైనర్ పద్ధతికి ఉన్న పెద్ద బలం.

సాధారణ నియమం ఏమిటంటే, లైనర్ బయటి వ్యాసం పాత పైపు లోపలి వ్యాసం కంటే సుమారు పదో వంతు తక్కువ ఉండాలి. 1000కి 900. మనకు దొరికిన దారి 940 కాబట్టి 900 పడుతుంది, 40 మి.మీ. సందు మిగులుతుంది. సరిపోతుందా అన్న అనుమానం ఉంటే కాగితం మీద తేల్చుకోకండి. అదే 900 పైపు ముక్క ఒకటి కోసి, రెండు వైపులా తాడు కట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూడండి. డమ్మీ ముక్క ఆగితే ఎక్కడ ఆగిందో తాడు మీద గుర్తు పెట్టుకోవచ్చు, వెనక్కి లాగేయవచ్చు. అసలు పైపు సగంలో ఇరుక్కుంటే ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఈ పరీక్షకు పోయేది ఒక పూట. దీన్ని ఎవరు వద్దన్నా వదలకండి.

నీళ్లకు ఎంత దారి మిగులుతుంది?

లైనర్‌కు వాడే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు గోడ మందాన్ని ఎస్‌డీఆర్ అనే అంకెతో చెబుతారు. బయటి వ్యాసాన్ని ఆ అంకెతో భాగిస్తే మందం వస్తుంది. 900 మి.మీ. పైపు, ఎస్‌డీఆర్ 26 అయితే మందం సుమారు 34.6 మి.మీ., లోపలి వ్యాసం సుమారు 831 మి.మీ.

1000 నుంచి 831కి తగ్గిందనగానే నీళ్లు పారవని కొందరు భయపడతారు. నున్నటి పైపు కాబట్టి పాతదాని కంటే ఎక్కువే పారుతుందని అమ్మేవాళ్లు అంటారు. రెండు మాటలూ మానింగ్ సూత్రంలో (పైపులో ఎంత నీరు పారుతుందో లెక్కకట్టే సూత్రం) పెట్టి చూద్దాం. వాలు మారనప్పుడు, నిండుగా పారే పైపు సామర్థ్యం వ్యాసం 8/3 ఘాతం ప్రకారం పెరుగుతుంది, గరుకుదనం అంకెకు విలోమంగా తగ్గుతుంది. 0.831ని 8/3 ఘాతానికి పెంచితే 0.61. పాత, అరిగిన కాంక్రీటుకు గరుకుదనం 0.015, హెచ్‌డీపీఈకి 0.010 తీసుకుంటే 1.5 రెట్లు లాభం. 0.61 × 1.5 = 0.915. అంటే నూటికి 8 నుంచి 9 వంతుల నష్టం. పాత కాంక్రీటు బాగానే ఉండి దాని అంకె 0.013 అయితే 0.79, నష్టం నూటికి 21. ఎక్కువే పారుతుందన్న మాట ముడతల ఇనుప పైపుల విషయంలో నిజం, వాటి గరుకుదనం 0.024 దాకా ఉంటుంది. మన దగ్గర రోడ్ల కింద ఎక్కువగా ఉన్నవి హ్యూమ్ పైపులు. ఇనుప పైపు లెక్కను తెచ్చి వాటికి అతికించకూడదు.

అయితే ఇది సగం లెక్కే, ఈ పాఠం అంతటికీ కీలకం రెండో సగంలో ఉంది. 12.5 మీటర్ల పొట్టి కల్వర్టులో నీళ్లను ఆపేది చాలాసార్లు పైపు లోపలి గరుకుదనం కాదు, పైపు నోరు. వరద సమయంలో నోరు మునిగితే, లోపలికి దూరే నీళ్లు నోటి వైశాల్యం మీద, దాని పైన నిలిచిన నీటి ఎత్తు మీద ఆధారపడతాయి. అక్కడ నున్నదనం అక్కరకు రాదు. వైశాల్యం లెక్క చూడండి: 0.831 వర్గం 0.69. నోరు నూటికి 31 వంతులు తగ్గింది. అంతే నీటిని పంపాలంటే ఎగువన ఎత్తు 0.69 వర్గానికి విలోమంగా, అంటే సుమారు 2.1 రెట్లు కావాలి. ఇంతకుముందు 30 సెం.మీ. ఎత్తు చాలిన చోట ఇప్పుడు 63 సెం.మీ. నిలుస్తుంది.

ఆ అదనపు 33 సెం.మీ. ఎక్కడ నిలుస్తుంది? ఎవరి పొలంలో, ఎవరి ఇంటి ముందు? సైజు ఖాయం చేసే ముందు ఎగువ వైపు నడిచి వెళ్లి చూడాల్సింది ఇదే. అక్కడి వాళ్లను అడగండి: పెద్ద వాన పడితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి, ఎంతసేపటికి దిగుతాయి అని. గోడల మీద మరకలు కొలవండి. విజయవాడలో ఒక జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్ వైపు మునిగినప్పటి మరకలు ఇంకా కొన్ని గోడల మీద కనిపిస్తాయి. అవి గండి పడినప్పటి మట్టాలు, మామూలు వానలవి కావు. ఏ మరక ఏ ఏటిదో ఇంటివాళ్లను అడిగి విడివిడిగా రాసుకోండి.

ఇప్పటికే ఏటా నీళ్లు రోడ్డెక్కి పారుతున్న కల్వర్టు అయితే దానికి లైనర్ వేయకండి. చిన్న నోటిని ఇంకా చిన్నది చేసి, దానికి యాభై ఏళ్ల ఆయుష్షు ఇచ్చినట్లవుతుంది. అక్కడ రోడ్డు తవ్వి పెద్ద బాక్స్ కల్వర్టు కట్టడమే న్యాయం. మురుగు కాలువల్లో గుర్రపు డెక్క సంగతి కూడా చూడాలి. ఒక మీటరు నోట్లోంచి కొట్టుకుపోయే మోపు 831 మి.మీ. నోటికి అడ్డం పడవచ్చు.

లైనర్ సులువుగా జారుతుందని కొందరు కాంట్రాక్టర్లు 800కి దిగుదామంటారు. అదే ఎస్‌డీఆర్‌లో దాని లోపలి వ్యాసం సుమారు 738. నోటి వైశాల్యం నూటికి 54 వంతులే మిగులుతుంది, ఎత్తు 3.4 రెట్లు కావాలి, 30 సెం.మీ. కాస్తా మీటరు దాటుతుంది. లాగే కూలీలకు కలిసొచ్చే ఒక పూట కోసం ఎగువ ఊరికి ఏళ్ల తరబడి ముంపు తెస్తే ఎలా?

పోగొట్టుకున్నదాంట్లో కొంత నోటి దగ్గరే వెనక్కి తెచ్చుకోవచ్చు. లైనర్‌ను హెడ్‌వాల్ (కల్వర్టు చివర కట్టిన గోడ) బయటికి పొడుచుకొచ్చేలా వదిలేస్తే ప్రవేశ నష్టపు గుణకం (నోటి దగ్గర నీరు పోగొట్టుకునే శక్తిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 0.9. హెడ్‌వాల్‌తో సమంగా కోస్తే 0.5. అంచును గుండ్రంగా తీర్చితే 0.2 దాకా దిగుతుంది. మేస్త్రీ ఒక్క రోజు శ్రద్ధగా చేసే పని ఇది, ఖర్చు సిమెంటు బస్తాల్లోనే. నా దృష్టిలో లైనర్ పనిలో ఇంత తక్కువకు ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు.

ఎండ సంగతి

పంట కాలువల మీది కల్వర్టులకు మనకు దొరికే సమయం కాలువలు కట్టేసిన వేసవి. అంటే బెజవాడ ఎండల్లోనే పని. హెచ్‌డీపీఈ డిగ్రీకి మీటరుకు సుమారు 0.2 మి.మీ. పెరుగుతుంది. ఎండలో పడుకున్న నల్ల పైపు కల్వర్టు లోపలి చల్లదనం కంటే 30 డిగ్రీలు వేడెక్కి ఉంటే, 12.5 మీటర్లకు సుమారు 75 మి.మీ. తేడా. మధ్యాహ్నం లాగి, అప్పుడే హెడ్‌వాల్‌తో సమంగా కోస్తే, తెల్లారేసరికి పైపు లోపలికి ముడుచుకుని ఉంటుంది. పొద్దున్నే లాగండి, రెండు చివర్లా కాస్త ఎక్కువ వదలండి, రాత్రంతా ఉంచి మర్నాడు కోయండి. పాత పైపుకు, లైనర్‌కు మధ్య పోసే గ్రౌటు (సిమెంటు పాలు) కూడా ఆ తర్వాతే.

ఈ వారం లెక్క

పాత పైపుకు, లైనర్‌కు మధ్య ఖాళీ మీటరుకు 0.149 ఘనపు మీటర్లు. 12.5 మీటర్లకు సుమారు 1.87. అంత గ్రౌటు పట్టాలి. అంతకంటే బాగా ఎక్కువ పడితే అది ఎటు వెళ్లిందో, రోడ్డు మీది గుంటకూ దానికీ ఏం సంబంధమో ఆలోచించి రాయండి.

రెండోది. 900 పైపు మీటరుకు 0.636 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటుంది. ఘనపు మీటరు 1800 కిలోలు తూగే సిమెంటు పాలలో అది పూర్తిగా మునిగితే పైకి ఎంత బలంతో తోస్తుంది? పైపు బరువు మీటరుకు సుమారు 89 కిలోలు. లోపల నీళ్లు నింపితే మరో 542. పైపు నిలుస్తుందా, తేలుతుందా? తేలితే నీళ్లు నింపడంతో పాటు ఇంకేం చేయాలి? మీ జవాబు పక్కన పెట్టుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.