స్క్లెరోడెర్మాతో (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) ఊపిరితిత్తులు దెబ్బతింటే వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

ఆయాసం వస్తోందని నడక మానేయకండి. ఊపిరితిత్తుల్లో గట్టిపడిన భాగం వ్యాయామంతో మామూలుగా అవ్వదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. బాగుపడేవి కండరాలు. ఎప్పుడూ కూర్చునే ఉండటం వల్ల, దానికి తోడు స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడటం వల్ల తొడల్లో బలం పోతుంది, బలం లేని కాళ్లతో నాలుగు మెట్లెక్కినా ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు ప్రేమతో "నువ్వు కూర్చో, మేం చేస్తాం" అన్నా ఒప్పుకోకండి.

కానీ ఒంటరిగా మొదలుపెట్టొద్దు. కూర్చున్నప్పుడు ఆక్సీమీటర్‌లో 96 శాతం చూపించిన ఆక్సిజన్ నడుస్తుంటే గబగబా పడిపోవచ్చు, మీకు తెలియకపోవచ్చు కూడా. ముందు పల్మనాలజిస్ట్‌ని (ఊపిరితిత్తుల డాక్టర్‌ని) కలవండి. ఈ జబ్బులో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి గుండెకి ఎకో (స్కాన్) తీయించాలా అని అడగండి. తర్వాత ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు, దాన్నిబట్టి ఫిజియోథెరపిస్ట్ మీ వేగం నిర్ణయిస్తారు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. స్క్లెరోడెర్మా ఉన్న చాలామందికి చలికి వేళ్లు తెల్లబడి రక్తప్రసరణ తగ్గుతుంది, అప్పుడు వేలికి పెట్టిన ఆక్సీమీటర్ తప్పు అంకె చూపించొచ్చు. చేతులు వెచ్చబరిచి చూడండి, అయినా నమ్మకం కుదరకపోతే చెవికో నుదుటికో పెట్టే ప్రోబ్ ఉందేమో అడగండి.

ఫిజియోథెరపిస్ట్ చేయించే వ్యాయామ కోర్సు సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, 6 నుంచి 12 వారాలు ఉంటుంది. కాసేపు నడక, కాసేపు ఆగడం, మళ్లీ నడక. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తేలికపాటి బరువులు కూడా చేయిస్తారు. ఆయాసాన్ని సున్నా నుంచి పదిలో కొలిస్తే మూడు, నాలుగు దగ్గర ఉంటే చాలు, మాట్లాడలేనంత వద్దు. ఆక్సిజన్ 88 కంటే తగ్గితే ఆపి కూర్చోండి, నడిచేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకోవాలా అన్నది డాక్టరే చెప్పాలి (పెట్టుకోమంటే మొహమాటపడకండి, దానివల్ల ఇంకాస్త ఎక్కువ నడవగలిగితే మంచిదే కదా). స్క్లెరోడెర్మాలో గుండెల్లో మంట మామూలే కాబట్టి తిన్న వెంటనే చేయొద్దు.

కోర్సు అయిపోయాక ఇంట్లో కొనసాగించాలి, మానేస్తే వచ్చిన బలం కొన్ని నెలల్లో పోతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పండి, స్పృహ తప్పితే పక్కనున్నవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరమో కొత్తగా దగ్గో ఉన్న రోజు అసలు మొదలుపెట్టకండి.