హార్డ్ డిస్క్ చదవనంటోందా? తప్పు డిస్క్‌దో కేబుల్‌దో ముందు తేల్చుకోండి

కాపీ సగంలో ఆగి ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని ఎర్రర్ వస్తోందా, లేక టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ స్పీడ్ మాత్రం సున్నా దగ్గరే ఉంటోందా? అయితే డిస్క్ ఒకే చోట చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానించండి. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే విండోస్‌లో డిస్క్ తనిఖీ చేసే చెక్‌డిస్క్ కమాండ్‌ని /ఆర్‌తో నడిపేస్తారు. ఆగండి. అది డిస్క్ మొత్తం గంటల తరబడి చదువుతుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్ అయితే ఆ దెబ్బకే పోవచ్చు.

ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు చూడండి. మనకు కావాల్సినవి 05, సీ5, సీ6, సీ7, ఈ నాలుగే. (సీగేట్ డిస్కుల్లో రీడ్ ఎర్రర్ రేట్ దగ్గర చాంతాడంత నంబర్ కనిపిస్తే టెన్షన్ పడకండి, వాళ్లు లెక్క రాసే పద్ధతే అంత.)

సీ7 అంటే డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క. అది పెరుగుతూ, మిగతా మూడూ సున్నా దగ్గరే ఉంటే తప్పు చాలావరకు కేబుల్‌ది. ఆ లెక్క పెరగడమే తప్ప తగ్గదు కాబట్టి పాత నంబర్ చూసి భయపడొద్దు, ఈరోజు రాసుకుని రెండు రోజులాగి మళ్లీ చూడండి. విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో నేనైతే మొదట అనుమానించేది దీన్నే, ఎందుకంటే ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టే చోట కనెక్టర్లను మాత్రం అది వదిలిపెట్టదు కదా. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ రెండు చివరలూ ఊడదీసి గట్టిగా పెట్టండి. కుదరకపోతే కొత్త కేబుల్ వేసి వేరే పోర్టుకి మార్చండి, పెద్ద ఖర్చేం కాదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ మాటిమాటికీ ఊడిపోయి మళ్లీ కనెక్ట్ అవుతుంటే హబ్ తీసేసి వెనక పోర్టుకే నేరుగా పెట్టండి, చాలాసార్లు కరెంటు చాలకే ఆ గోల.

సీ5, సీ6, 05 పెరుగుతుంటే మాత్రం తప్పు డిస్క్‌దే. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు), సీ6 అంటే తనిఖీలో సరిచేయలేనివని తేలినవి, 05 అంటే చెడ్డ వాటిని వదిలేసి స్పేర్ సెక్టార్లకు మార్చుకున్నవి. ఇప్పుడు మొదటి పని డేటా బయటికి తీయడం: పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు, ట్యాలీ బ్యాకప్ ముందు, సినిమాలు ఆఖర్న. మామూలు కాపీ చెడ్డ సెక్టార్ దగ్గర ఆగిపోతుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ టూల్ వాడండి. అది బాగున్న భాగాన్ని ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది, మధ్యలో కరెంటు పోయినా, ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒక్కటి జాగ్రత్త, సోర్స్, డెస్టినేషన్ తారుమారైతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఎంటర్ కొట్టే ముందు డిస్క్ సైజులు సరిచూసుకోండి.

కరెంటు టక్కున పోయాక మొదలైన సమస్య, స్మార్ట్ శుభ్రంగా ఉంది అంటే ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక) చెడి ఉండొచ్చు. బ్యాకప్ తీసుకుని చెక్‌డిస్క్ /ఎఫ్ చాలు.

టక్ టక్ అని శబ్దం వస్తుంటే ఇవేవీ చేయొద్దు, వెంటనే ఆపేయండి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం లాంటి చిట్కాలు అస్సలొద్దు, లోపల డేటా చదివే హెడ్‌కీ, తిరిగే పళ్లెం లాంటి ప్లాటర్‌కీ మధ్య ఖాళీ నానోమీటర్లలోనే ఉంటుంది, చిన్న దుమ్ము కణం చాలు. రికవరీ వాళ్లకి ఇచ్చేటప్పుడు డేటా రాకపోయినా ఛార్జీ ఉంటుందా, డిస్క్ ఎక్కడ తెరుస్తారు అని ముందే అడగండి. సరైన జవాబు రాకపోతే డిస్క్ తీసుకుని వచ్చేయండి.

డేటా తీశాక ఫుల్ ఫార్మాట్ చేసి చూడండి. సీ5 సున్నాకి వచ్చి, 05 కొన్ని వారాలు కదలకుండా ఉంటే సినిమాలకు వాడుకోవచ్చు, కదిలిందా, పక్కన పెట్టేయండి.