26 దాటాక పారా టోపీ: బెంగళూరు నుంచి ఆలస్యంగా బయల్దేరేవాళ్ళు ఏం చేయాలి?

జయమహల్ రోడ్డు మీదుగా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి మెరూన్ రంగు టోపీలు కొత్త కాదు. పక్కనే జేసీ నగర్‌లో, విమానం నుంచి పారాచూట్‌తో దూకే సైనికుల పారాచూట్ రెజిమెంట్ (పారా) శిక్షణ కేంద్రం ఉంది, ఆ టోపీలు వాళ్ళవే. 1992లో ఆగ్రా నుంచి ఇక్కడికి వచ్చింది. మారతహళ్ళి పీజీలో ఉంటూ, ఆంధ్రా మెస్‌లో పప్పూ గోంగూరా తింటూ, ఏదో ఒక పొద్దున సిగ్నల్ దగ్గర ఆ టోపీ చూసి ‘మనం వెళ్ళలేమా?’ అనుకున్న మనవాళ్ళు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. రెండుసార్లు ఎస్ఎస్‌బీలో (సైనిక ఆఫీసర్లని ఎంపిక చేసే అయిదు రోజుల పరీక్ష) చివరి రోజు దాకా వెళ్ళి పెట్టె సర్దుకుని వచ్చాను. కాబట్టి ఇది నెగ్గినవాడి పాఠం కాదు. దారి తెలిసీ తడబడినవాడి మాటలనుకోండి.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ‘పారా కమాండో ఉద్యోగాలు, అప్లై చేయండి’ అనే ప్రకటన మన వయసువాళ్ళ కోసం రాదు. ముందు సైన్యంలో చేరాలి, ఆ తర్వాత పారాకి వెళ్తానని స్వచ్ఛందంగా ముందుకు రావాలి. అంటే మెట్లు రెండు. ఆలస్యమైనవాళ్ళని ఆపేది చాలాసార్లు మొదటి మెట్టే.

1. పదో తరగతి మెమో తీసి లెక్క వేయండి

అమ్మ చెప్పే పుట్టినరోజు కాదు, మెమోలో ఉన్న తేదీయే లెక్క. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ నెల వేసేసిన తరం మనది. ఆ కలం పోటుకి కొందరికి ఒక ఏడాది కలిసొచ్చింది, కొందరికి పోయింది.

అగ్నివీర్ తలుపు పదిహేడున్నరకి తెరుచుకుని, ఇరవై దాటిన కొద్దికాలానికే మూసుకుంటుంది. డిగ్రీ చదివినవాళ్ళు ఆఫీసర్లయ్యే సీడీఎస్ పరీక్ష రాసి చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్ళే దారి కూడా పాతిక దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి ఇవి.

ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ళకే ఆఫీసరు ఉద్యోగం) టెక్నికల్ ఎంట్రీ ఉంది. వయసు 20 నుంచి 27. రాతపరీక్ష లేదు, డిగ్రీ మార్కులు చూసి ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. పెళ్ళి కాకూడదు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఈ ముక్క వాళ్ళకి ఇప్పుడే చెప్పండి, నిశ్చితార్థం అయ్యాక చెబితే ఇద్దరికీ కష్టం. ఏప్రిల్ కోర్సుకి ఏప్రిల్ 1 నాటికి, అక్టోబర్ కోర్సుకి అక్టోబర్ 1 నాటికి వయసు లెక్కిస్తారు. ప్రకటన మాత్రం కోర్సుకి చాలా నెలల ముందే వస్తుంది. అందుకే 26 నిండాక ‘వచ్చేసారి చూద్దాం’ అనడానికి వచ్చేసారి ఉండకపోవచ్చు. నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇలాంటి ఒక్క అవకాశాన్నే. ఆ నెలలో ప్రాజెక్టు రిలీజ్ ఉందని వాయిదా వేశాను. ఆ ప్రాజెక్టు పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు.

లా చదివినవాళ్ళకి జాగ్ (సైన్యంలోని న్యాయ విభాగం) ఎంట్రీ ఉంది, అదీ 27 లోపే. డాక్టర్లకి వెసులుబాటు ఎక్కువ. సైనిక వైద్య విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి ఎంబీబీఎస్ అయితే 30, పీజీ చేసినవాళ్ళకి 35 వరకు అవకాశం ఉంది. ఇది చాలామందికి తెలియని దారి. ఆగ్రాలోని 50వ పారాచూట్ బ్రిగేడ్‌కి సొంత ఫీల్డ్ ఆసుపత్రి ఉంది, పేరు 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. కొరియా యుద్ధంలో పనిచేసింది. 2023లో తుర్కియే భూకంపానికి వెళ్ళిందీ ఇదే, అందులో మహిళా డాక్టర్లూ ఉన్నారు. మెరూన్ టోపీ అంటే తుపాకీ ఒక్కటే గుర్తొచ్చేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. అదే బ్రిగేడ్‌లో ఇంజినీర్లు, సిగ్నల్స్‌వాళ్ళు కూడా విమానంలోంచి దూకుతారు.

ఇవన్నీ దాటిపోయినవాళ్ళకి, ఉద్యోగం చేసుకుంటూనే పనిచేసే టెరిటోరియల్ ఆర్మీ ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను.

2. కుర్చీకి అలవాటుపడ్డ ఒంటిని కదిలించండి

అకాడమీలో చేరేనాటికి ఉండాల్సిన కనీస ప్రమాణాలు ప్రకటనలోనే ఇస్తారు: 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో, 40 పుష్ అప్స్, 6 పుల్ అప్స్, 30 సిటప్స్, కొంచెం ఈత. ఆ పరుగంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు చుట్లు, చుట్టుకి 1 నిమిషం 45 సెకన్లు. మొదటి రెండు చుట్లు ఎవరైనా పరిగెడతారు. నాలుగో చుట్టులో తెలుస్తుంది, అయిదేళ్ళ బిర్యానీ ఎక్కడ దాక్కుందో.

ఇరవై ఏళ్ళవాడు వారంలో ఊపందుకుంటాడు. 26 ఏళ్ళ గుండె కూడా అంతే తొందరగా అలవాటు పడుతుంది, చిక్కల్లా మోకాళ్ళతో, పిక్కల ఎముకలతోనే. గుండె సరేనంటుంది, ఎముక ఒప్పుకోదు. నాకు మూడో వారంలోనే పిక్క ఎముక నొప్పి పట్టుకుని నెలన్నర కూర్చోబెట్టింది. మొదటి నెల నడక ఎక్కువ, పరుగు తక్కువ పెట్టుకోండి. వారం వారం దూరాన్ని పదో వంతుకి మించి పెంచకండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కాంక్రీటు మీద కాదు, కబ్బన్ పార్కు మట్టి దారుల్లో పరిగెత్తండి. కాస్త దూరమే, అయినా ఆరు లోపు బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు.

మూడో నెల నుంచి వీపున బరువు వేసుకుని నడవండి. ఖరీదైన సామాను కొననక్కర్లేదు, ఆఫీసు బ్యాగులో 5 కిలోల సోనా మసూరి మూట వేసుకుంటే చాలు. మూట కదలకుండా చుట్టూ తువ్వాలు కుక్కండి, లేకపోతే నడుం పడుతుంది. రాత్రి షిఫ్టులు చేస్తూ ఇదంతా చేస్తానంటే కుదరదు. షిఫ్టు మార్పించుకోండి, లేదా తేదీ మార్చుకోండి.

3. ఎస్ఎస్‌బీ

ఇందులో మనకి అదృష్టం కలిసొచ్చింది. దక్షిణాది సెలక్షన్ సెంటర్ బెంగళూరులోనే ఉంది. విజయవాడ నుంచి రాత్రంతా రైల్లో వచ్చినవాడి పక్కన మీరు ఇంటి నిద్రతో కూర్చుంటారు.

అయిదు రోజుల్లో మొదటి రోజే వడపోత. తర్వాత మానసిక పరీక్షలు: 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు, 60 సందర్భాలు, మొత్తం అరగంట. ఆపైన మైదానంలో గుంపు పనులు, ఇంటర్వ్యూ, ఆఖరున కాన్ఫరెన్స్. కోచింగ్‌లో బట్టీ పట్టిన జవాబులు 15 సెకన్ల ఒత్తిడిలో అందరివీ ఒకేలా వస్తాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే నలుగురిని లేపి పని చేయించిన అనుభవం మీకుంది, కాలేజీ కుర్రాడికి లేదు. అదే రాయండి.

పెద్ద వయసువాళ్ళని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇంత జీతం వదిలి ఎందుకు?’ లెఫ్టినెంట్ మూల వేతనం 56,100 రూపాయలు, పైన అలవెన్సులు. ఫ్లాట్ ఈఎంఐ దాంతో ఎలా కడతారో కాగితం మీద వేసుకుని వెళ్ళండి. నేను దేశభక్తి గురించి మూడు నిమిషాలు మాట్లాడాను. ఎదుటాయన ఓపిగ్గా విని, ‘అది సరే, ఈఎంఐ ఎంత?’ అన్నారు.

మెడికల్ గురించి ఒక్క మాట. చెవిలో గుబిలి, పెరిగిన బరువు లాంటివి ముందే చూపించుకుంటే తీరిపోతాయి. వర్ణాంధత్వం తీరదు. అది ఉందో లేదో మొదటి నెలలోనే తేల్చుకుంటే ఏడాది కష్టం తప్పుతుంది.

4. కమిషన్ వచ్చాక పారా

టెక్నికల్ ఎంట్రీవాళ్ళకి 49 వారాల శిక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఎక్కువగా ఇంజినీర్స్, సిగ్నల్స్ (సమాచార వ్యవస్థ), ఈఎంఈ (యంత్రాల మరమ్మతు) లాంటి విభాగాల్లో వేస్తారు. అక్కడి నుంచి పారాకి ముందుకు రావాలి. పారా, పారా స్పెషల్ ఫోర్సెస్ (కమాండో దళాలు) ఒకటి కాదు, అడిగేటప్పుడే తేడా తెలిసి అడగండి. స్పెషల్ ఫోర్సెస్ ప్రొబేషన్ నెలల తరబడి సాగుతుంది. వీపున బరువుతో పదుల కిలోమీటర్లు, నిద్ర లేని రాత్రులు, ఆ అలసటలోనే నిర్ణయాలు. నెగ్గనివాళ్ళు ఎక్కువ, వాళ్ళు తమ పాత యూనిట్‌కి తిరిగి వెళ్తారు. అందుకే టోపీ కోసమే సైన్యంలో చేరొద్దని నా అభిప్రాయం. సిగ్నల్స్‌లో పదేళ్ళు ఇష్టంగా చేయగలను అనిపిస్తేనే చేరండి.

ప్రొబేషన్ నెగ్గాక ఆగ్రాలో దూకే శిక్షణ ఉంటుంది. మొత్తం అయిదు దూకుళ్ళు, ఒకటి రాత్రిపూట.

5. 27 దాటినవాళ్ళకి

టెరిటోరియల్ ఆర్మీ 1949లో మొదలైంది. ఆఫీసరు కావాలంటే డిగ్రీ ఉండాలి, సంపాదన ఉండాలి, వయసు 18 నుంచి 42. పెళ్ళయినా ఫర్వాలేదు. ఉద్యోగం మానక్కర్లేదు, మానితే అర్హతే పోతుంది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్ఎస్‌బీ, మెడికల్, ఆపైన ఏటా రెండు నెలల శిక్షణ. జీతం యూనిఫాంలో ఉన్న రోజులకే.

ఇందులోనూ పారా బెటాలియన్లు ఉన్నాయి. వాటిలో 106వది మన బెంగళూరులోనే ఉంది. ధోనీ 2019లో కశ్మీర్‌లో పనిచేసింది ఆ బెటాలియన్‌తోనే. ఆయనది గౌరవ హోదా, నిజమే. కానీ 2015లో ఆగ్రాలో ఏఎన్-32 విమానం నుంచి అయిదుసార్లు దూకి పారాట్రూపర్ అర్హత తెచ్చుకున్నప్పుడు ఆయన వయసు 34. మనకి ఏ యూనిట్ దొరుకుతుందన్నది మన చేతిలో ఉండదు. పారా అడగాలి, అక్కడి పరీక్షలూ నెగ్గాలి.

నాకిప్పుడు 31. ఫారం కోసం ఉద్యోగ ధ్రువీకరణ అడిగితే, టెరిటోరియల్ ఆర్మీ అంటే ఏమిటో మా హెచ్ఆర్‌కి వివరించడానికి మూడు మెయిళ్ళు పట్టాయి. శిక్షణకి పిలిస్తే వెళ్ళొచ్చినవాణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకోవాలని 1948 టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 7ఏ సెక్షన్ ఉంది. మూడో మెయిల్‌కి ఆ పేజీ జతచేశాను. మధ్యాహ్నం భోజనంలోపే సంతకంతో కాగితం వచ్చింది.