ఒంట్లో పంపుతో ఆరేళ్లు: ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఏం చేయాలి

ముప్పై ఏళ్లు నీళ్ల మోటార్లు బాగుచేసి బతికినవాణ్ణి. వాషర్ అరిగితే కారుతుంది, వాల్వ్‌లో ఇసుక చేరితే నీళ్లు నిలవవు, ఇదంతా నాకు కొట్టిన పిండి. అలాంటి నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి, గ్రంథి తీసేశాక, నా సొంత వాల్వే పట్టు తప్పింది. దగ్గితే మూత్రం కారడం, కుర్చీలోంచి లేస్తే కారడం, సాయంత్రమయ్యేసరికి నడిచినంతసేపూ కారడం. ఏడాదిన్నర ప్యాడ్లతో నెట్టుకొచ్చి, చివరికి కృత్రిమ స్ఫింక్టర్, అంటే మూత్రం కారకుండా మూత్రనాళాన్ని మూసి ఉంచే చిన్న మిషన్, ఒంట్లో పెట్టించుకున్నాను. ఇప్పటికి ఆరేళ్లయింది. ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లకీ, చేయించుకుని ఇంటికొచ్చి అయోమయంలో ఉన్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను చెప్పినదానికీ మీ డాక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి. నాకు తెలిసింది ఒక్క ఒళ్లే.

ముందుగా, తొందరపడకండి. ప్రోస్టేట్ తీసిన తర్వాత కారడం చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే మామూలుగా ఏడాది దాకా చూస్తారు. మరీ ఎక్కువగా కారుతూ ఏ మార్పూ లేకపోతే ఆరు నెలలకే ఆలోచిస్తారు. ఈలోగా కెగెల్ వ్యాయామం చేయాలి. నేను మొదటి రెండు నెలలు పొట్ట బిగబట్టి అదే వ్యాయామం అనుకున్నాను. ఫిజియోథెరపిస్ట్ చూసి నవ్వింది. గాలి పోకుండా బిగబట్టినప్పుడు లోపల ఏ కండరం పైకి లాగుతుందో దాన్ని బిగించాలి. పొట్ట, తొడలు, పిర్రలు కదలకూడదు, ఊపిరి మామూలుగా ఆడుతుండాలి.

రెండోది, కొలవండి. "బాగా కారుతోంది డాక్టర్‌గారూ" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద పొడి ప్యాడ్ ఎంత ఉందో రాసుకుని, 24 గంటల్లో తడిసిన ప్యాడ్లన్నీ కవర్లో మూతికట్టి తూచి, పొడి బరువు తీసేయండి. ఒక గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు. నాకు 640 గ్రాములు వచ్చింది. ఆ అంకె చూశాక స్లింగ్ ప్రస్తావన పక్కకు పోయింది. స్లింగ్ అంటే మూత్రనాళాన్ని కింద నుంచి ఎత్తిపట్టే పట్టీ. కొద్దిగానో, ఒక మోస్తరుగానో కారేవాళ్లకి అది సరిపోవచ్చు. నొక్కాల్సిన పంపేమీ ఉండదు. ఎక్కువగా కారేవాళ్లకీ, రేడియేషన్ తీసుకున్నవాళ్లకీ సాధారణంగా స్ఫింక్టర్ వైపే మొగ్గుతారు. రేడియేషన్ అయినవాళ్లకి కఫ్, అంటే మిషన్‌లో నాళం చుట్టూ ఉండే పట్టీ, మూత్రనాళాన్ని కోసుకునే ప్రమాదం కాస్త ఎక్కువ కాబట్టి ఆ సంగతి ముందే గట్టిగా అడగండి.

ఇక మిషన్ సంగతి. అమెరికాలో బ్రాంట్లీ స్కాట్ అనే సర్జన్ 1972లో మొదటిసారి ఇలాంటిది ఒక రోగికి పెట్టారు. నా ఒంట్లో ఉన్న ఏఎంఎస్ 800 మోడల్ 1980ల నుంచి వాడుకలో ఉంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మూడే భాగాలు. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ తెలుసుగా, అలాంటిదే బుల్లి పట్టీ మూత్రనాళం చుట్టూ ఉంటుంది. అదే కఫ్, నాది నాలుగున్నర సెంటీమీటర్లు. పొత్తికడుపులో ఒక బెలూన్, వృషణాల సంచిలో ఒక పంపు. మూడింటినీ సన్నని ట్యూబులు కలుపుతాయి, లోపలంతా ద్రవం. మామూలుగా కఫ్ నిండి ఉండి నాళాన్ని మూసి ఉంచుతుంది. మీరు పంపు నొక్కితే ద్రవం కఫ్‌లోంచి బెలూన్‌లోకి పోతుంది, దారి తెరుచుకుంటుంది. తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాల్లో బెలూన్ ఒత్తిడికి ద్రవం దానంతటదే తిరిగొచ్చి కఫ్ మూసుకుంటుంది. దీన్ని గీసిన బుర్రకి దండం పెట్టాలనిపించింది. నేను జీవితమంతా బాగుచేసిన మోటార్లలో ఇంత పొదుపైన డిజైన్ ఒక్కటీ లేదు.

ఆపరేషన్‌కి ముందు మూత్రనాళంలోకి కెమెరా పెట్టి చూస్తారు, ఎక్కడైనా బిగుసుకుపోయి సన్నబడిందేమోనని. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గేదాకా ముట్టుకోరు. వేళ్లలో పట్టు ఎంత ఉందో కూడా చూస్తారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినవాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు ఈ పంపుతో అవస్థ పడతారు. యాంటీబయాటిక్ మందు పట్టించిన భాగాలు కూడా ఉంటాయి, అందులో రిఫాంపిసిన్, మినోసైక్లిన్ ఉంటాయి. ఆ మందులు గానీ టెట్రాసైక్లిన్ గానీ మీకు పడవంటే అడక్కపోయినా చెప్పండి.

ఆపరేషన్ గురించి నేను చెప్పడానికేం లేదు, మత్తులో ఉన్నాను. మర్నాడు కాథెటర్ (మూత్రం బయటికి రావడానికి నాళంలో పెట్టే గొట్టం) తీసేశారు, ఇంటికొచ్చేశాను.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. ఆపరేషన్ అవగానే మిషన్ పని మొదలుపెట్టదు. గాయం మానేదాకా కఫ్‌ని ఖాళీగా లాక్ చేసి పంపుతారు. అంటే సుమారు ఆరు వారాలు ఎప్పటిలాగే కారుతుంది. నాకు చెప్పారో, చెప్పినా నా బుర్రకెక్కలేదో గానీ, నాలుగో రోజు తడిసిన ప్యాడ్ పట్టుకుని మంచం మీద కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ ఫైలు తీసి చదివి, "ఏమండీ, ఇందులో ఆరు వారాలని రాసుంది, నాలుగు రోజులు కాదు" అంది. కాబట్టి ఆపరేషన్‌కి ముందే ఆరు వారాలకి సరిపడా ప్యాడ్లు తెచ్చిపెట్టుకోండి.

ఆ ఆరు వారాల్లో వృషణాల సంచి వాచి, నల్లగా కమిలిపోతుంది. చూసి హడలిపోవద్దు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్, బిగుతైన లోదుస్తు, మెత్తటి దిండు నాకు పనికొచ్చాయి. బరువులెత్తొద్దన్నారు, ఎత్తలేదు. వాపు కాస్త తగ్గాక, పంపు పైకి జరిగి అతుక్కోకుండా రోజూ స్నానం చేసేటప్పుడు రెండు వేళ్లతో మెల్లగా కిందికి లాగమన్నారు. కిందికి లాగడమే, నొక్కొద్దు. ఇది మీ సర్జన్ చెబితేనే చేయండి, అందరూ చెప్పరు. మూత్రం అసలే రాకుండా పొట్ట ఉబ్బితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, సర్జన్‌కే ఫోన్ చేయండి.

ఆన్ చేసిన రోజు డాక్టర్‌గారు పంపుని ఒక్కసారి గట్టిగా పిండారు. చురుక్కుమంది, అంతే. తర్వాత నన్ను చేయమన్నారు. ముప్పై ఏళ్ల మెకానిక్‌ని, మొదటిసారి నేను పట్టుకుని నొక్కింది పంపుని కాదు. ఏం నొక్కానో చెప్పక్కర్లేదు, కళ్ల ముందు చుక్కలు కనపడ్డాయి. కాబట్టి ఎక్కడేముందో ముందు తీరిగ్గా తడిమి తెలుసుకోండి. పంపు కింది సగం మెత్తటి రబ్బరు బుడగ, దాన్నే నొక్కాలి. పై సగం గట్టిగా ఉంటుంది, దాని మీద ఒక పక్క చిన్న గుండీ తగులుతుంది. అది లాక్, కఫ్‌ని ఖాళీగానే నిలిపి ఉంచడానికి. ఎడమచేతి వేళ్లతో పై భాగాన్ని కదలకుండా పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి బుడగని పూర్తిగా నొక్కి వదలాలి. మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ నొక్కాలి. నాకు మూడోసారికి బుడగ సొట్టపడి అలాగే ఉండిపోతుంది. కఫ్ ఖాళీ అయిందని గుర్తు అదే. ఇక నింపాదిగా పోసుకోవడమే. ధార పూర్తికాకముందే మూసుకుంటే మళ్లీ నొక్కండి, ముక్కి బలవంతంగా పోయకండి. చివర్లో నాళంలో మిగిలిన చుక్కల కోసం అర నిమిషం ఆగితే ప్యాంటు మీద మచ్చ పడదు.

మొదటి వారం కూర్చునే పోసుకున్నాను. నిలబడితే వణుకు, తొందర, పంపు జారిపోవడం. చలికాలంలో సంచి ముడుచుకుని పంపు పైకి పోతుంది, వేణ్నీళ్లతో కడుక్కుంటే దిగుతుంది.

కారడం పూర్తిగా ఆగిపోతుందని మాత్రం ఆశపెట్టుకోకండి. నాకు రోజుకో పల్చటి ప్యాడ్ చాలు, కొన్ని రోజులు అదీ తడవదు. గట్టిగా తుమ్మినా, బ్యాగు ఎత్తినా ఒకటి రెండు చుక్కలు పడతాయి. 640 గ్రాముల నుంచి వచ్చినవాణ్ణి, ఈ చుక్కల్ని లెక్కపెట్టను. నీళ్లు తాగడం తగ్గించలేదు, కాఫీ తగ్గించాను. రెండు మూడు గంటలకోసారి వెళ్లి వస్తాను, ఎందుకంటే మూత్రాశయం నిండిపోతే కఫ్ మీద భారం పడుతుంది. సైకిల్ మానేశాను, సీటు సరిగ్గా కఫ్ ఉన్నచోటే నొక్కుతుంది. రాత్రిళ్లు లాక్ చేసి పడుకోమని కొందరు సర్జన్లు చెబుతారు, నాళానికి కాస్త విశ్రాంతి కోసం. అప్పుడు రాత్రికి ప్యాడ్ తప్పదు. నాకు మా డాక్టర్ అవసరం లేదన్నారు.

ఇక లాక్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దేన్ని మర్చిపోయినా దీన్ని మర్చిపోకూడదు. మూడో ఏట నాకు పిత్తాశయంలో రాళ్లని వేరే ఆసుపత్రిలో చేరాను. ఇది పెట్టిన ఆసుపత్రి కాదు. చేరేటప్పుడు కాగితంలో రాశాను, ఎవరూ చదవలేదు. మత్తుమందు ప్రభావంలో సగం నిద్రలో ఉన్నాను. సిస్టర్ కాథెటర్ ట్రే పట్టుకొచ్చి దుప్పటి తీసింది. మా ఆవిడ అప్పుడే మందులు తీసుకుని లోపలికొచ్చి, "అమ్మా ఆగు, ఆయనకి లోపల మిషనుంది!" అని కేకేసింది. సిస్టర్ పాపం బిత్తరపోయింది. మూసి ఉన్న కఫ్‌లోంచి కాథెటర్ తోస్తే నాళం చిరుగుతుంది, కఫ్ లోపలికి కోసుకుపోవచ్చు, మిషన్ మొత్తం తీసేయాల్సి రావచ్చు. ముందు కఫ్ ఖాళీ చేసి లాక్ చేయాలి, తర్వాత సన్నని కాథెటర్, అదీ వీలైనంత తక్కువసేపు. ఆ పని తెలిసిన యూరాలజిస్ట్ చేస్తేనే మంచిది.

అప్పటినుంచి పర్సులో కార్డు, చేతికి స్టీలు కడియం. దాని మీద చెక్కించినది ఇదే: "కృత్రిమ మూత్ర స్ఫింక్టర్ ఉంది. లాక్ చేయకుండా కాథెటర్ పెట్టవద్దు." వెనకవైపు డాక్టర్ ఫోన్ నంబరు. స్పృహ తప్పితే మాట్లాడేది కడియమే. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అక్కడివాళ్లకి మోడల్ పేరు చెప్పండి, ఏఎంఎస్ 800కి కొన్ని షరతులతో తీస్తారు.

లాక్ చేయడంలో ఒక కిటుకుంది. బుడగ నొక్కి కఫ్ ఖాళీ చేశాక వెంటనే గుండీ నొక్కకూడదు. కొన్ని సెకన్లు ఆగి, బుడగ కొంచెం ఉబ్బిందనిపించాక నొక్కాలి. మళ్లీ ఆన్ చేయాలంటే బుడగని గట్టిగా పిండాలి, ఆ ఒత్తిడికి వాల్వ్ తెరుచుకుంటుంది. బుడగలో ద్రవం లేకపోతే పిండడానికేముంటుంది? మా ఆవిడక్కూడా నేర్పించాను. మొదట్లో సిగ్గుపడింది, ఇప్పుడు నాకంటే బాగా చేస్తుంది.

పాడైతే ఎలా తెలుస్తుంది? ఒక్కసారిగా ముందులా కారడం మొదలైతే, మొదట లాక్ పొరపాటున పడిందేమో చూడండి. నాకు రెండుసార్లు అలా అయింది, ఒకసారి సబ్బు రుద్దుకుంటూ నేనే నొక్కాను. గట్టిగా ఒక్క పిండు పిండితే సరిపోయింది. బుడగ చదునుగా పడి ఎంతసేపటికీ ఉబ్బకపోతే ద్రవం ఎక్కడో లీకైనట్టు. నెలల తరబడి కొద్దికొద్దిగా కారడం పెరిగితే కఫ్ కింద నాళం సన్నబడి పట్టు వదులైనట్టు. ఈ రెండూ రేపు ఫోన్ చేసినా పర్లేదు. కానీ పంపు మీద చర్మం ఎర్రబడటం, పంపు చర్మానికి అతుక్కున్నట్టుండటం, వాపు, జ్వరం, మూత్రంలో రక్తం, కొత్తగా నొప్పో మంటో, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. ఇన్ఫెక్షనో, కఫ్ కోసుకోవడమో అయితే తీసేసి, మానాక నెలల తర్వాత కొత్తది పెడతారు.

ఏ మోటారూ కలకాలం నడవదు. ఇదీ అంతే. చాలామందికి పదేళ్లు అటూ ఇటూగా భాగమో, మొత్తమో మార్చాల్సి వస్తుందని మా డాక్టర్ ముందే చెప్పారు. పోయిన నెల చెకప్‌లో ఆయన పంపు నొక్కి చూసి, "ఇంకా బానే ఉంది, మీ చేతి చలవ" అన్నారు. నాకు మాత్రం ఈ మధ్య మూడుసార్లకి సొట్టపడే బుడగ ఒక్కోసారి నాలుగుసార్లు నొక్కితే గానీ పడటం లేదు. తేదీలతో సహా పుస్తకంలో రాసుకుంటున్నాను, వచ్చేసారి ఆయనకి చూపించాలి.