పరిశోధకుల లెక్కలు – 3వ పాఠం: ముందు పేరు, తర్వాతే హెచ్-ఇండెక్స్

పోయిన పాఠంలో ఒక పరిశోధకుడి పేపర్ల జాబితాను గూగుల్ స్కాలర్, స్కోపస్ అనే రెండు పరిశోధన పేపర్ల డేటాబేస్‌ల నుంచి విడివిడిగా ఎక్సెల్ షీటులోకి దించుకున్నాం. రెండూ కలవడం లేదని ఈపాటికి గమనించే ఉంటారు. కలవవు కూడా. స్కాలర్ థీసిస్‌లను, జర్నల్‌లో రాకముందే బయటపెట్టే ప్రిప్రింట్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్లు, కాన్ఫరెన్సులు, పుస్తకాల వరకే చూస్తుంది. ఏదో ఒకటి పట్టుకోండి. ఏ డేటాబేస్, ఏ తేదీన తీశారు అన్నది షీటు పైవరుసలో రాయండి. ఆ రెండూ లేని అంకెను ఎవరు చూపించినా నేను పట్టించుకోను.

ఇక మనవాళ్ల విషయంలో అసలు తలనొప్పి పేర్లతోనే. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలాసార్లు పొడి అక్షరంగానే. డేటాబేస్ మాత్రం చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. కె. శ్రీనివాస రావు అనే ఆయన ఒక జర్నల్‌లో ‘రావు కె.ఎస్.’ అవుతాడు, ఇంకోచోట ‘శ్రీనివాసరావు కె.’ అవుతాడు. సంఖ్యాశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావుగారి ఇంటిపేరు కల్యంపూడి. అయినా 1945 నాటి ఆయన పేపర్‌లోని సూత్రం లోకానికి తెలిసింది ‘క్రామర్-రావు’ హద్దుగానే. ఆయన స్థాయి వ్యక్తి విషయంలో ఎవరూ పొరబడరు. తార్నాకలో నిన్నగాక మొన్న పీహెచ్‌డీ ముగించిన రావుగారికి ఆ వెసులుబాటు లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళల పేపర్లైతే రెండు ప్రొఫైళ్లలో చీలిపోయి కనిపిస్తాయి.

అందుకే పేరు ఒక్కటే చూసి పేపర్‌ను జాబితాలో ఉంచకండి. సంస్థ, సబ్జెక్టు, కో-ఆథర్లు అనే మూడు కాలమ్‌లు పెట్టి, కనీసం రెండు సరిపోతేనే ఉంచండి. సంస్థ దగ్గర కాస్త జాగ్రత్త. ఐఐటీ హైదరాబాద్ వేరు, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వేరు. ‘యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్’, ‘హెచ్‌సీయూ’ మాత్రం ఒకటే. ఊరి పేరుతో వెతికితే పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ పేపర్లూ వచ్చి పడతాయి. ఆ పరిశోధకుడికి ఆర్కిడ్ ఐడీ ఉంటే సగం పని తప్పినట్టే. అది 16 అంకెల గుర్తింపు, పేరు ఎలా రాసినా మారదు.

జాబితా శుభ్రమయ్యాక లెక్క చిటికెలో పని. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ఉదహరిస్తే అది ఒక సైటేషన్. కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు ఉండి, ఏడేసి ఉన్నవి ఏడు లేకపోతే హెచ్-ఇండెక్స్ 6 అన్నమాట. సైటేషన్లను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, పక్కన వరుస సంఖ్య వెయ్యండి. ఉదాహరణకు:

48, 31, 17, 9, 6, 6, 5, 2, 0

ఆరో పేపర్‌కు 6 సైటేషన్లున్నాయి, సరిపోయింది. ఏడో పేపర్‌కు 7 కావాలి, ఉన్నవి 5. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. కనీసం పది సైటేషన్లు వచ్చినవి మూడు, కాబట్టి ఐ10-ఇండెక్స్ 3.

ఇప్పుడు తొమ్మిది సైటేషన్ల పేపర్ సంగతి చూడండి. దాని ప్రిప్రింట్ ఒక ఎంట్రీగా 5, జర్నల్ ప్రతి మరో ఎంట్రీగా 4 సైటేషన్లతో చీలిపోయిందనుకుందాం. జాబితా 48, 31, 17, 6, 6, 5, 5, 4, 2, 0 అవుతుంది. ఆరో స్థానంలో 5 ఉంది, హెచ్-ఇండెక్స్ 5కి పడిపోయింది. జాబితాలో పేపర్లు ఒకటి పెరిగాయి, మనిషి స్కోరు ఒకటి తగ్గింది! సొంత స్కాలర్ ప్రొఫైల్‌లో ఐతే రెండు ఎంట్రీలనూ టిక్ చేసి ‘మెర్జ్’ నొక్కితే చాలు. షీటులో మీరే కలుపుకోవాలి, రెండింటినీ సైట్ చేసిన పేపర్ ఉంటే ఒక్కసారే లెక్కించాలి.

మొదటి పేపర్‌కు 48 బదులు 480 ఉన్నా ఈ హెచ్-ఇండెక్స్ కదలదు. ఒక్క గొప్ప పేపర్ రాసి ఊరుకున్నవాళ్లకు ఈ కొలత అన్యాయమే చేస్తుందని నా అభిప్రాయం. గణితం వాళ్లనూ సీసీఎంబీ జీవశాస్త్రవేత్తలనూ దీనితో పక్కపక్కన నిలబెట్టడం మరీ అన్యాయం. సైటేషన్లు వచ్చే వేగమే వేరు.

సహకారం లెక్క, అంటే ఎవరు ఎవరితో కలిసి రాశారన్నది, వచ్చే పాఠంలో. దానికి ఇప్పుడే ఒక చిన్న పని చెయ్యండి: ప్రతి పేపర్ పక్కన ఆథర్ల సంఖ్య రాయండి. నలుగురు రాసిన పేపర్‌లో ఒక్కొక్కరికి పావు వంతు వాటా ఇస్తాం, వాళ్లలో ప్రతి ఇద్దరినీ ఒక గీతతో కలిపి నెట్‌వర్క్‌లో ఆరు జంటలు గీస్తాం. ఆథర్లు వంద దాటిన పేపర్లకు వేరే రంగు వెయ్యండి. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై వచ్చిన పేపర్‌కు 5,154 మంది ఆథర్లు. జంటలు గీస్తే కోటీ ముప్ఫై రెండు లక్షల పైచిలుకు అవుతాయి. అలాంటివాటిని నెట్‌వర్క్‌లో ఉంచాలా, తీసెయ్యాలా అన్న దగ్గర మొదలుపెడదాం.