బాల్సా రెక్క మెలి తిరగకుండా

పెద్ద ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో ఎగిరే మోడల్) విమానానికి బాల్సా అనే తేలిక చెక్కతో రెక్క కడుతున్నారా? జిగురు చేతికి తీసుకునే ముందు చెక్కను తూచండి. ఒకే సైజు ముక్కల్లోనూ బరువు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించీ తేడా ఉంటుంది. రెక్క పొడవునా సాగి బరువు మోసే స్పార్ కర్రలను వంచి చూసి, ఒకేలా వంగేవాటిని ఎడమ, కుడి రెక్కలకు జతలుగా పంచండి. పై, కింది స్పార్ల మధ్య పెట్టే పలుచని చెక్కముక్కల (షియర్ వెబ్‌ల) నార నిలువుగానే ఉండాలి.

అసలు జాగ్రత్త షీటింగ్ దగ్గర, అంటే రెక్క మీద పలుచని బాల్సా షీటు అతికేటప్పుడు. ముందంచుకు పైనా కిందా షీటు అతికిందంటే ఆ భాగం మూసిన పెట్టెలా బిగిసిపోతుంది. ఆ క్షణంలో ఉన్న మెలిక ఇక పోదు, ఎంత లాగినా సరే. అందుకే రెండో వైపు షీటు అతికేటప్పుడు రెక్కను చదునైన బల్లమీద, రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలకల) కింద ఆనికలు పెట్టి, పైన బరువులుంచి, జిగురు పూర్తిగా ఆరేదాకా కదపకండి. రాత్రంతా వదిలేస్తే మరీ మంచిది. ప్లాన్‌లో వాషౌట్ (కొస దగ్గర వెనకంచు కాస్త పైకి లేచేలా కావాలని ఇచ్చే మెలిక) ఉంటే, రెక్క కొసన వెనకంచు కింద సన్నని చెక్కముక్క పెట్టాల్సిందీ అప్పుడే.